పేరూ ఊరూ తెలియని సర్వో మోటారు: ఎన్‌కోడర్ వైర్లలో ఏది ఏమిటో తేల్చుకోవడం ఎలా?

సెకండ్ హ్యాండ్‌లో సర్వో మోటారు కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "మోటారు బాగానే ఉన్నట్టుంది. కానీ ఎన్‌కోడర్ కనెక్టర్‌లో పదిహేను పిన్నులున్నాయి. ఏది ఏమిటి?" (ఎన్‌కోడర్ అంటే షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్. ఆ సమాచారం అందుకుని మోటారుని నడిపే కంట్రోలరే డ్రైవ్.) దాంతోపాటు కనెక్టర్ ఫొటో ఒకటి పంపుతారు. ఫొటో చూసి ఆ జవాబు ఎవరూ చెప్పలేరు. ఒకే రకం కనెక్టర్‌కి ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా వైరింగ్ చేస్తుంది. జవాబు మోటారు దగ్గరే ఉంది. మల్టీమీటరు పట్టుకుని షాఫ్ట్‌ని చేత్తో తిప్పుతూ అడిగితే అదే చెబుతుంది.

ఇక్కడ ఉదాహరణగా 80 మి.మీ. ఫ్లేంజ్, 750 వాట్ల చైనా మోటారును తీసుకుంటున్నాను. జీడిమెట్ల షెడ్లలోనైనా విజయవాడ ఆటోనగర్‌లోనైనా చిన్న సీఎన్‌సీ రౌటర్ కట్టుకునేవాళ్ల చేతికి తరచుగా వచ్చేది ఇలాంటిదే. వేరే రకం ఎన్‌కోడర్ తగిలితే ఎక్కడ ఆగాలో, ఎటు మళ్లాలో దారిలో చెబుతాను.

కావలసినవి

- డిజిటల్ మల్టీమీటరు. డయోడ్ మోడ్ తప్పనిసరిగా ఉండాలి.
- కరెంట్ లిమిట్ పెట్టుకోగలిగిన బెంచ్ పవర్ సప్లై. ఇది లేకపోతే 5 వోల్టుల అడాప్టర్‌కి 250 మిల్లీఆంపుల ఫ్యూజు వేసి వాడుకోవచ్చు. కానీ ఈ పనిలో ఎన్‌కోడర్ ప్రాణం నిలబెట్టేది కరెంట్ లిమిటే. అరువు తెచ్చుకునైనా బెంచ్ సప్లై వాడండి.
- ఎనిమిది ఛానెళ్ల చవక లాజిక్ అనలైజర్ (డిజిటల్ సిగ్నళ్లని రికార్డు చేసే పరికరం), ల్యాప్‌టాప్‌లో పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్. ఆసిలోస్కోప్ ఉంటే మరీ మంచిది. రెండూ లేకపోతే ఎల్‌ఈడీలు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఆరేసి.
- షాఫ్ట్‌కి బిగించడానికి ఒక కప్లింగ్, దానికి 30 సెం.మీ. పొడవున్న కడ్డీ.
- నోట్‌బుక్, పెన్సిలు, మార్కర్ పెన్ను.

మొదలుపెట్టే ముందు నాలుగు హెచ్చరికలు

మోటారు డ్రైవ్ నుంచి పూర్తిగా విడిగా ఉండాలి. మూడు ఫేజు వైర్ల చివర్లూ ఒకదానికొకటి తగలకుండా టేపు చుట్టండి. అవి కలిసిపోతే షాఫ్ట్ బరువుగా తిరుగుతుంది, బేరింగ్ పోయిందనుకుని పొరపడతారు.

ఎన్‌కోడర్ పిన్నుల మీద మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టకండి. 500 వోల్టులు తగిలితే లోపలి ఐసీలు అక్కడికక్కడే పోతాయి. మోటారు వైండింగ్‌ని మెగ్గర్ చేయాలంటే ఫేజు పిన్నుకీ బాడీకీ మధ్యే చేయండి.

షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ పడకూడదు. పుల్లీ రాకపోతే పుల్లర్ వాడండి. చాలా ఎన్‌కోడర్లలో గీతలు చెక్కిన పల్చటి గాజు డిస్కు ఉంటుంది. ముందు కొట్టిన దెబ్బ వెనకున్న డిస్కుని పగలగొడుతుంది.

వెనక మూత తీయాల్సి వస్తే తీయండి, కానీ ఎన్‌కోడర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే స్క్రూ మాత్రం కదిలించకండి. రోటర్ అయస్కాంతాలకీ ఎన్‌కోడర్‌కీ మధ్య ఫ్యాక్టరీలో సరిచేసిన కోణం ఒకటి ఉంటుంది. అది పోతే పిన్నులన్నీ సరిగ్గా కనిపెట్టినా మోటారు సరిగ్గా తిరగదు. మూత తీయగానే ఎన్‌కోడర్ బాడీ మీద, మోటారు బాడీ మీద కలిసేలా మార్కర్‌తో ఒక అడ్డగీత గీయండి.

1. లేబుల్ చదవండి, వైర్లు లెక్కపెట్టండి

సగం చెరిగిన లేబుల్ కూడా పనికొస్తుంది. ఉదాహరణకు 80ఎస్‌టీ-ఎం02430 అని ఉంటే 80 మి.మీ. ఫ్లేంజ్, 2.4 న్యూటన్ మీటర్లు, 3000 ఆర్‌పీఎం అని అర్థం. ఎన్‌కోడర్‌కి వెనక మూత కింద సొంత స్టిక్కర్ ఉండొచ్చు, అదీ చూడండి.

తర్వాత వైర్లు. లావుగా ఉన్న నాలుగు మోటారువి: మూడు ఫేజులు, ఒక ఎర్త్. వాటి పక్కన విడిగా రెండు వైర్లుండి, షాఫ్ట్ చేత్తో తిరగకపోతే అది బ్రేకు. సాధారణంగా 24 వోల్టుల డీసీ ఇస్తే వదులుతుంది. మోటారు ఇంకా మెషిన్ మీద, నిలువు యాక్సిస్‌కే ఉంటే మాత్రం బ్రేకు వదలకండి, పైనున్న బరువు కిందికి జారిపోతుంది.

ఎన్‌కోడర్ వైపు వైర్ల సంఖ్యే మొదటి ఆధారం.

- 14 లేదా 15: ఏ, బీ, జెడ్, యూ, వీ, డబ్ల్యూ ఆరూ జతలుగా ఉన్న ఇన్‌క్రిమెంటల్ రకం, అంటే పల్సులతో లెక్క చెప్పేది. ఏ, బీ కదలికని లెక్కపెట్టే పల్సులు, జెడ్ చుట్టుకొక్కసారి వచ్చే పల్సు, యూ, వీ, డబ్ల్యూ రోటర్ స్థానం చెప్పేవి. జత అంటే ఒక సిగ్నల్ (ప్లస్), దాని తిరగేసిన రూపం (మైనస్). మన ఉదాహరణ ఇదే.
- 8 లేదా 9: ఏ, బీ, జెడ్ మాత్రమే ఉన్న రకం, లేదా వైర్లు తగ్గించిన రకం. దీని సంగతి 6వ మెట్టులో.
- 4 నుంచి 7: సీరియల్ ఎన్‌కోడర్, అంటే స్థానాన్ని అంకెల డేటాగా పంపేది. ప్లస్, మైనస్, డేటా జత, కొన్నిట్లో బ్యాటరీ జత, షీల్డు.
- 6, లేదా టెంపరేచర్ సెన్సర్‌తో కలిపి 8: రిజాల్వర్ (ఐసీలు లేకుండా రాగి చుట్టలతో కోణం చెప్పే సెన్సర్) కావచ్చు.
- 8 లేదా 12కి పైగా ఉండి మోటారు యూరప్‌ది అయితే: హైపర్‌ఫేస్ లేదా ఎన్‌డాట్ లాంటి సైన్-కొసైన్ రకాలు (పల్సులకి బదులు అలల్లాంటి సిగ్నళ్లు ఇచ్చేవి).

ఇది అంచనా మాత్రమే. దీన్ని నమ్మి కరెంటు ఇవ్వకండి.

2. కనెక్టర్ బొమ్మ గీయండి, ఎటు నుంచి చూస్తున్నారో రాయండి

ఇది చిన్న పనిలా ఉంటుంది. కానీ నేను చూసిన తప్పు వైరింగుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. గుండ్రటి కనెక్టర్‌ని ముందు నుంచి చూస్తే పిన్నుల వరుస ఒక వైపు తిరుగుతుంది, వెనక సోల్డర్ వైపు నుంచి చూస్తే దానికి ఎదురు తిరుగుతుంది. మోటారు వైపు ముందు నుంచి చూసి రాసుకున్న బొమ్మతో కేబుల్ వైపు సోల్డరింగ్ చేస్తే అద్దంలో చూసి చేసినట్టే.

చాలా కనెక్టర్లలో పిన్ను పక్కన ప్లాస్టిక్‌లోనే సన్నటి అంకె అచ్చు పోసి ఉంటుంది. ఫోన్ టార్చి పక్క నుంచి పడేలా వేసి చూస్తే కనిపిస్తుంది. ఆ అంకెలనే వాడండి. లేకపోతే కనెక్టర్ గాడిని పైకి పెట్టి మీరే అంకెలు వేసుకుని, బొమ్మ పైన "మోటారు వైపు, ముందు నుంచి" అని రాయండి.

వైర్ల రంగులు కూడా రాసుకోండి, కానీ గుర్తు కోసమే. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని చాలాసార్లు నిజమవుతుంది. నిజం కానిరోజు ఎన్‌కోడర్ పోతుంది.

3. ముందు రిజాల్వర్ కాదని తేల్చుకోండి

మల్టీమీటరుని ఓమ్‌ల మీద పెట్టి పిన్నులన్నిటినీ రెండేసి చొప్పున చూడండి. మూడు జతల మధ్య మాత్రమే పదుల ఓమ్‌ల స్థాయి రెసిస్టెన్స్ వచ్చి, ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ఏమీ రాకపోతే అది రిజాల్వర్. ప్రోబులు అటూ ఇటూ మార్చినా రీడింగ్ ఒకటే ఉంటుంది, ఎందుకంటే లోపలున్నది రాగి చుట్టలే. సమాన రెసిస్టెన్స్ ఉన్న రెండు జతలు సైన్, కొసైన్. తేడాగా ఉన్నది ఎక్సైటేషన్, అంటే బయటి నుంచి సిగ్నల్ ఇవ్వాల్సిన చుట్ట. టమగావా టీఎస్2620, టీఎస్2640 వరుసలు ఈ కోవలోవే.

రిజాల్వర్‌కి 5 వోల్టుల డీసీ ఇవ్వకండి. ఎక్సైటేషన్ జతకి సిగ్నల్ జనరేటర్‌తో 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు వోల్టుల సైన్ ఇచ్చి, షాఫ్ట్ తిప్పుతూ మిగతా రెండు జతల్నీ స్కోపులో చూడండి. ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తగ్గాలి. అలా జరిగితే రిజాల్వర్ బాగుంది, దానికి రిజాల్వర్ ఇన్‌పుట్ ఉన్న డ్రైవ్ వెతుక్కోవాలి.

ఈ మెట్టులోనే ఇంకో రెండు సంగతులు తేలతాయి. మోటారు బాడీతో సున్నా ఓమ్‌లు చూపించే పిన్ను షీల్డు లేదా ఎర్త్. ఏవైనా రెండు పిన్నుల మధ్య సున్నా ఓమ్‌లు వస్తే అవి చాలావరకు సప్లై వైర్లే, ప్లస్ రెండు లేదా మైనస్ రెండు.

4. సున్నా వోల్టుల పిన్ను, 5 వోల్టుల పిన్ను కనిపెట్టండి

మొత్తం పనిలో కీలకమైనది ఇదే. ఇక్కడ తొందరపడకండి.

మల్టీమీటరు డయోడ్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబు ఒక పిన్ను మీద ఉంచి, నల్ల ప్రోబుతో మిగతావన్నీ తాకుతూ రీడింగులు రాయండి. తర్వాత ఎర్ర ప్రోబుని ఇంకో పిన్ను మీదికి మార్చి మళ్లీ మొదటి నుంచి చూడండి. ఐసీల లోపల ప్రతి సిగ్నల్ పిన్నుకీ గ్రౌండ్ వైపు ఒక డయోడ్ ఉంటుంది. అందుకే ఎర్ర ప్రోబు సున్నా వోల్టుల పిన్ను మీద ఉన్నప్పుడు దాదాపు అన్ని పిన్నులూ 0.4 నుంచి 0.7 మధ్య ఒకే రకం రీడింగు ఇస్తాయి. ఇంకే పిన్ను మీద పెట్టినా అన్నిటికీ అలా రాదు. ఎక్కడ పెడితే అన్నీ పలుకుతాయో అదే సున్నా వోల్టులు.

ఇప్పుడు 5 వోల్టులది. నల్ల ప్రోబు సున్నా వోల్టుల పిన్ను మీద ఉంచి, కిలో ఓమ్‌ల రేంజిలో ఎర్ర ప్రోబుతో ఒక్కొక్క పిన్నునీ తాకి కాసేపు ఆగండి. సప్లై పిన్ను దగ్గర రీడింగు తక్కువలో మొదలై మెల్లగా పైకి పాకుతుంది, ఎందుకంటే లోపలి కెపాసిటర్ నిండుతోంది. సిగ్నల్ పిన్నుల దగ్గర అలా పాకదు. సిగ్నళ్ల నుంచి ప్లస్ వైపు కూడా డయోడ్ కనిపించాలి కదా అని కొందరు అనుకుంటారు. లైన్ డ్రైవర్ ఐసీలు (సిగ్నళ్లని జతలుగా కేబుల్‌లోకి పంపే చిప్పులు) చాలావాటిల్లో ఆ వైపు ఏమీ చూపించదు. చూపించలేదని ఐసీ పోయిందనుకోకండి.

రీడింగులు గజిబిజిగా ఉంటే వెనక మూత తీసి బోర్డు మీదే చూడడం మేలు. 16 కాళ్ల ఐసీ ఒకటి కనిపిస్తుందేమో చూడండి. దాని మీద 26ఎల్‌ఎస్‌31, 26సీ31 లేదా 3487 అని ఉంటే పని చాలా సులువు. చుక్క ఉన్న మూల 1వ కాలు. అదే వరుసలో చివరిది 8వ కాలు, అది సున్నా వోల్టులు. 1వ కాలికి సరిగ్గా ఎదురుగా ఉన్నది 16వ కాలు, అది ప్లస్ 5. బజర్ మోడ్‌లో అక్కణ్నుంచి కనెక్టర్‌కి చూసుకుంటే రెండు పిన్నులూ తేలిపోతాయి. ఈ మూడు ఐసీల్లోనూ 2-3, 5-6, 10-11, 13-14 కాళ్లు అవుట్‌పుట్ జతలు. కాబట్టి సిగ్నల్ జతలు కూడా ఇక్కడే దొరుకుతాయి. డిస్కు మీద వేలు పెట్టకండి, దుమ్ము పోతుందని నోటితో ఊదకండి. వేలి ముద్ర ఒక్కటి చాలు, కొన్ని పల్సులు మాయమవుతాయి.

5. కరెంటు ఇవ్వండి

బెంచ్ సప్లైని 5.0 వోల్టులకి, కరెంట్ లిమిట్‌ని 200 మిల్లీఆంపులకి పెట్టి, అవుట్‌పుట్ ఆపి ఉంచి వైర్లు కలపండి. మీటర్ మీద కన్నుంచి ఆన్ చేయండి.

కొన్ని పదుల నుంచి 150 మిల్లీఆంపుల లోపు తీసుకుని వోల్టేజీ 5 దగ్గరే నిలబడితే సరైన దారిలో ఉన్నారు. కరెంటు లిమిట్‌కి కొట్టుకుని వోల్టేజీ ఒక వోల్టు చుట్టుపక్కలకి పడిపోతే ప్లస్ మైనస్‌లు తారుమారయ్యాయి లేదా లోపల షార్టు ఉంది. వెంటనే ఆపి 4వ మెట్టు మళ్లీ చేయండి. కరెంటు అసలే తీసుకోకపోతే పిన్ను తప్పు, లేదా కేబుల్‌లో వైరు తెగింది. పాత మోటార్లలో కేబుల్ బాడీలోకి దూరే చోట వైరు లోపలే తెగి ఉండడం మామూలే. అక్కడ మెల్లగా వంచుతూ చూడండి.

పనిచేయడం లేదని వోల్టేజీ పెంచుకుంటూ పోకండి. సర్వోల్లో ఎక్కువ భాగం 5 వోల్టులవే. ఆ 5 కూడా ఎన్‌కోడర్ చివర కొలిచినప్పుడు 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. సిక్ వాళ్ల హైపర్‌ఫేస్ రకాలు 7 నుంచి 12 వోల్టులు అడుగుతాయి. లేబుల్ మీద స్పష్టంగా ఉంటేనే అంత ఇవ్వండి. పీఎల్‌సీ (మెషిన్ కంట్రోలర్) ప్యానెల్‌లో 24 వోల్టులు చేతికి దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది ముందు అదే ఇచ్చేస్తారు. అలా కాలిపోయిన ఎన్‌కోడర్‌కి చేయగలిగింది ఏమీ లేదు.

6. షాఫ్ట్ తిప్పి జతలు విడదీయండి

నల్ల ప్రోబు సున్నా వోల్టుల మీద ఉంచి ప్రతి పిన్నునీ డీసీ వోల్టుల్లో కొలవండి. లైన్ డ్రైవర్ రకమైతే ప్రతి పిన్నూ రెండే మాటలు మాట్లాడుతుంది: దాదాపు సున్నా, లేదా 3 నుంచి 5 మధ్య. ఒక జతలో ఒకటి పైనుంటే ఇంకొకటి కిందుంటుంది. షాఫ్ట్ కదిపితే రెండూ ఒకేసారి తారుమారవుతాయి. అలా ఎప్పుడూ ఎదురుబొదురుగా ఉండే రెండు పిన్నులు ఒక జత.

ఇప్పుడు కప్లింగ్, కడ్డీ బిగించండి. కడ్డీ ఎందుకో చెబుతాను. 2500 గీతల ఎన్‌కోడర్‌లో ఒక గీత అంటే 0.144 డిగ్రీలు. చేత్తో షాఫ్ట్ పట్టుకుని అంత చిన్న కదలిక తీసుకురాలేం. 30 సెం.మీ. కడ్డీ చివర అదే కదలిక ముప్పావు మి.మీ. అవుతుంది. వేలితో నెడితే స్పష్టంగా తెలుస్తుంది.

ప్రతి జత నుంచి ఒక పిన్నుని చూస్తూ ఇలా విడదీయండి.

- కడ్డీ చివర వేలు తాకితేనే మారిపోతుంటే అది ఏ లేదా బీ.
- చాలాదూరం తిప్పితే గాని మారకపోతే, అదీ సమాన దూరాల్లో మారుతుంటే, అది యూ, వీ, డబ్ల్యూల్లో ఒకటి. ఎనిమిది పోల్స్ (రోటర్ అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారులో ఒక్కో సిగ్నల్ 45 డిగ్రీలకొకసారి మారుతుంది. మూడూ కలిపి చూస్తే ప్రతి 15 డిగ్రీలకి ఏదో ఒకటి మారుతుంది.
- ఎంత తిప్పినా మారనట్టే ఉంటే అది జెడ్. చుట్టుకి ఒక్కసారి, అదీ అతి సన్నటి పల్సు. మల్టీమీటరు దాన్ని పట్టలేదు.

జెడ్ గురించి ఇంకో సులువైన పరీక్ష ఉంది. షాఫ్ట్‌ని చేత్తో గిర్రున తిప్పండి. ఏ, బీ, యూ, వీ, డబ్ల్యూ అన్నీ సగటున మధ్య వోల్టేజీ చూపిస్తాయి. జెడ్ జత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మామూలుగా కింద ఉండేది జెడ్ ప్లస్, పైన ఉండేది జెడ్ మైనస్. ఆ జెడ్ జత అసలు పనిచేస్తోందా, పోయిందా అన్నది తర్వాతి మెట్టులో తేలుతుంది.

లాజిక్ అనలైజర్ లేనివాళ్లు ఒక్కో సిగ్నల్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఎల్‌ఈడీ పెట్టి సున్నా వోల్టులకి కలపండి. యూ, వీ, డబ్ల్యూలకి ఈ పద్ధతి లాజిక్ అనలైజర్ కంటే హాయిగా ఉంటుంది. మూడు దీపాలు వరుసగా మారడం కళ్లకి కనిపిస్తుంది.

ఇంకేదైనా తీరు కనిపిస్తే దారి మార్చండి.

పిన్నులు 2.5 వోల్టుల చుట్టూ మెల్లగా ఊగుతుంటే అది సైన్-కొసైన్ రకం. హైడెన్‌హైన్ ఈఆర్‌ఎన్ 1387 లాంటివి ఇలా ఉంటాయి, చుట్టుకి 2048 అలలు. జత మధ్య తేడా ఒక వోల్టు పీక్ టు పీక్. దీన్ని ఏ, బీ అనుకుని మామూలు డ్రైవ్‌కి కలిపితే పల్సులు లెక్కకి రావు.

రెండు పిన్నుల్లో ఒకటి ఊగుతూ ఇంకొకటి 2.5 దగ్గర కదలకుండా ఉంటే హైపర్‌ఫేస్ కావచ్చు.

షాఫ్ట్ ఎంత తిప్పినా ఏదీ మారకపోతే, వైర్లు కూడా తక్కువే ఉంటే, సీరియల్ ఎన్‌కోడర్. డ్రైవ్ అడిగితేనే జవాబిస్తుంది, అడగకపోతే మౌనంగా ఉంటుంది. పాడైందనుకుని పారేయకండి. వీటి సూక్ష్మతని బిట్లలో చెబుతారు: 17 బిట్లు అంటే చుట్టుకి 1,31,072 స్థానాలు, 23 బిట్లు అంటే 83,88,608. ఇప్పటి యస్కావా, మిత్సుబిషి, పానాసోనిక్ మోటార్లలో ఎక్కువగా ఉండేది ఇదే. భాష ఒక్కో కంపెనీది ఒకటి. ఆ కంపెనీ డ్రైవ్ కొనడమో, మోటారు అమ్మేయడమో నా సలహా. దాన్ని మామూలు ఏ, బీ, జెడ్ డ్రైవ్‌తో నడిపించాలని వారాలు పోగొట్టుకోకండి.

8 లేదా 9 వైర్లే ఉండి, ఏ, బీ, జెడ్ మాత్రమే దొరికితే అది వైర్లు తగ్గించిన రకం కావచ్చు. కరెంటు ఇచ్చిన మొదటి క్షణంలో ఆ మూడు జతల మీదే యూ, వీ, డబ్ల్యూ స్థితి పంపి, తర్వాత ఏ, బీ, జెడ్‌కి మారిపోతుంది. పరీక్ష ఏమిటంటే, లాజిక్ అనలైజర్ రికార్డింగ్ మొదలుపెట్టి, ఆ తర్వాత 5 వోల్టులు ఆన్ చేయండి. షాఫ్ట్ వేర్వేరు స్థానాల్లో ఉంచి మళ్లీ మళ్లీ చూడండి. షాఫ్ట్ కదలకుండానే ఆన్ చేసిన వెంటనే ఒక స్థితి, కాసేపటికి ఇంకో స్థితి వస్తుంటే అదే రకం. డ్రైవ్ పారామీటర్లలో ఆ రకాన్ని ఎంచుకోవాలి.

7. జెడ్ నుంచి జెడ్‌కి లెక్కపెట్టండి

ఇప్పటిదాకా చేసింది నిజమో కాదో తేల్చేది ఈ మెట్టు. దీన్ని వదిలేసి నేరుగా డ్రైవ్‌కి కలిపేవాళ్లకే తర్వాత టెన్షన్.

ఏ, బీ, జెడ్, యూ, వీ, డబ్ల్యూల్లో ఒక్కో పిన్ను చొప్పున ఆరు ఛానెళ్లకి కలపండి. అనలైజర్ గ్రౌండ్‌ని సున్నా వోల్టుల పిన్నుకి కలపండి. శాంప్లింగ్ 1 మెగాహెర్ట్జ్ చాలు. షాఫ్ట్‌ని ఒకే దిశలో మూడు నాలుగు చుట్లు తిప్పండి. వేగం సమానంగా లేకపోయినా ఫరవాలేదు, మనం చూసేది సంఖ్యనే.

ఒక జెడ్ నుంచి తర్వాతి జెడ్ వరకూ ఏ ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్క చూడండి. మన ఉదాహరణలో 2500 రావాలి. వేరే మోటార్లలో 1024, 2000, 2048, 5000 రావచ్చు. బీ కూడా అంతే రావాలి. అదే దూరంలో యూ నాలుగుసార్లు తిరిగితే మోటారు నాలుగు జతల పోల్స్‌ది, అంటే ఎనిమిది పోల్స్. డ్రైవ్‌లో పోల్స్ పారామీటర్‌కి ఈ అంకె కావాలి, ఇప్పుడే రాసుకోండి.

2500కి బదులు 2496 లాంటిది వస్తే మళ్లీ తిప్పండి. ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంటే గ్రౌండ్ వైరు వదులుగా ఉంది లేదా నాయిస్. ప్రతిసారీ అదే తక్కువ, అదీ షాఫ్ట్ ఒకే స్థానం దాటేటప్పుడు వస్తుంటే డిస్కు మీద మరకో గీతో ఉంది.

ఏ, బీ మధ్య పావు చక్రం తేడా ఉండాలి. రెండూ ఒకేసారి లేచి ఒకేసారి పడుతుంటే మీరు ఒకే సిగ్నల్‌ని రెండుచోట్ల పట్టుకున్నారు.

యూ, వీ, డబ్ల్యూలకి ఒక మంచి పరీక్ష: మూడూ ఒకేసారి పైన ఉండడం గానీ, మూడూ ఒకేసారి కింద ఉండడం గానీ ఎక్కడా జరగకూడదు. జరిగిందంటే ఒక జతలో ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఒక్కో జతనే మార్చి చూడండి. ఎప్పుడు ఆ రెండు స్థితులూ మాయమైతే అప్పుడు సరి.

డ్రైవర్ ఐసీలో సత్తువ ఉందో లేదో కూడా ఇక్కడే చూడొచ్చు. ఒక జత రెండు పిన్నుల మధ్య 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి ఆ రెండింటి మధ్య వోల్టేజీ కొలవండి. కనీసం 2 వోల్టులు ఉండాలి, ఆర్‌ఎస్‌-422 అనే సిగ్నల్ ప్రమాణం ప్రకారం. చేతిలో బాగా పనిచేసి డ్రైవ్‌కి కలపగానే అలారం ఇచ్చే ఎన్‌కోడర్లు కొన్ని ఈ పరీక్షలో దొరికిపోతాయి.

8. మోటారు ఫేజులతో జత కుదర్చండి

మోటారు ఫేజులకీ యూ, వీ, డబ్ల్యూ పేర్లే, ఎన్‌కోడర్ సిగ్నళ్లకీ అవే పేర్లు. నోట్‌బుక్‌లో "ఫేజు యూ", "సిగ్నల్ యూ" అని విడిగా రాయకపోతే ఇక్కడ తికమక తప్పదు.

దీనికి స్కోపు కావాలి. మూడు ఫేజులకీ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కొక్కటి కలిపి, వాటి రెండో చివర్లు మూడూ ఒకచోట ముడివేయండి. ఆ ముడికి స్కోపు గ్రౌండ్. షాఫ్ట్‌ని డ్రిల్ మిషన్‌తో నెమ్మదిగా తిప్పండి, 300 ఆర్‌పీఎం దాటనివ్వకండి. తిరిగే మోటారు జనరేటరే. వేగం పెరిగితే ఫేజుల దగ్గర షాక్ కొట్టేంత వోల్టేజీ వస్తుంది.

ఒకే దిశలో తిప్పుతూ మూడు ఫేజులూ ఏ వరుసలో పైకి లేస్తున్నాయో రాయండి. అదే దిశలో మూడు సిగ్నళ్ల వరుస రాయండి. రెండూ ఒకే వరుసలో ఉండాలి. ఆ తర్వాత ఒక్కో సిగ్నల్ అంచు ఏ రెండు ఫేజుల మధ్య వోల్టేజీ సున్నా దాటే చోటుకి సరిపోతుందో చూసి రాసుకోండి. కంపెనీని బట్టి ఈ పొంతన మారుతుంది కాబట్టి డ్రైవ్ మాన్యువల్‌లో ఇచ్చిన బొమ్మతో పోల్చండి. మూడు జతల్లోనూ ప్లస్, మైనస్ తారుమారై ఉంటే 7వ మెట్టు పరీక్షలో పట్టుబడదు, ఇక్కడే పట్టుబడుతుంది.

స్కోపు లేకపోతే ఈ మెట్టు వదిలి 9కి వెళ్లొచ్చు, కానీ అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

9. డ్రైవ్‌కి కలిపి పరీక్షించండి

ముందు ఎన్‌కోడర్ మాత్రమే కలపండి, ఫేజులు వద్దు. డ్రైవ్ కంట్రోల్ సప్లై ఆన్ చేసి, సర్వో ఆఫ్‌లోనే ఉంచి, ప్యానెల్‌లో ఫీడ్‌బ్యాక్ పల్సుల మానిటర్ తెరవండి. షాఫ్ట్ మీద, ఫ్లేంజ్ మీద మార్కర్ గీతలు కలిపి, సరిగ్గా ఒక చుట్టు తిప్పండి. 2500 గీతలకి 10,000 దగ్గర రావాలి, ఎందుకంటే డ్రైవ్ ఒక్కో గీతని నాలుగుగా లెక్కపెడుతుంది. వెనక్కి తిప్పితే సున్నా దగ్గరికి తిరిగి రావాలి. పది చుట్లు ముందుకి, పది వెనక్కి తిప్పినా అలాగే రావాలి. రాకపోతే ఫేజులు కలపకండి.

లెక్క ఎదురు దిశలో పెరుగుతుంటే ఏ ప్లస్, ఏ మైనస్ రెండూ తమలో తాము మార్చుకోండి. అంతే సరిపోతుంది. ఏ, బీ రెండు జతల్నీ తిరగేస్తే దిశ మళ్లీ మొదటికే వస్తుందని గుర్తుంచుకోండి.

ఇప్పుడు కరెంటు మొత్తం ఆపి ఫేజులు కలపండి. మోటారుకి ఏ లోడూ ఉండకూడదు. బల్ల మీద క్లాంపుతో బిగించండి. టార్క్ లిమిట్ 10 నుంచి 20 శాతానికి తగ్గించి, జాగ్ (చేతి ఆదేశంతో తిప్పి చూసే) వేగం 10 ఆర్‌పీఎం పెట్టి, ఒక చేయి ఎమర్జెన్సీ స్టాప్ మీద ఉంచి సర్వో ఆన్ చేయండి.

- మెత్తగా పట్టుకుని, చెప్పిన వైపు నెమ్మదిగా తిరిగితే అన్నీ సరి. రెండు వైపులా తిప్పి చూడండి.
- ఆన్ చేయగానే పరుగు అందుకుంటే, లేదా ఒక్క కుదుపు ఇచ్చి ఓవర్‌లోడ్ అలారం వస్తే ఫేజుల వరుసకీ సిగ్నళ్ల వరుసకీ పొంతన లేదు. 8వ మెట్టు చేయండి.
- తిరుగుతుంది గానీ వేడెక్కుతూ, సన్నగా మూలుగుతూ బలం లేకుండా ఉంటే కోణం తప్పింది. ఎవరో ఎన్‌కోడర్ స్క్రూ కదిపి ఉండొచ్చు.
- ఎన్‌కోడర్ అలారం వెంటనే వస్తే యూ, వీ, డబ్ల్యూల్లో ఒక జత తెగిందో తిరగబడిందో చూడండి.

తరచుగా జరిగే తప్పులు మరికొన్ని

పొడిగింపు కేబుల్ చేసేటప్పుడు ఏ ప్లస్, ఏ మైనస్ ఒకే మెలికల జతలో వెళ్లాలి. ఒక జతలో ఏ ప్లస్‌ని బీ ప్లస్‌తో కలిపి పంపితే బల్ల మీద బాగానే ఉంటుంది. స్పిండిల్ ఆన్ కాగానే పల్సులు తప్పుతాయి, యాక్సిస్ పూటపూటకీ జరుగుతుంది. కేబుల్ పొడవైతే 5 వోల్టులకీ సున్నాకీ రెండేసి వైర్లు వేయండి.

షీల్డుని సున్నా వోల్టుల పిన్నుకి కలపడం ఇంకొకటి. దాన్ని డ్రైవ్ బాడీకి, అక్కడ ఇచ్చిన క్లాంపు కిందే బిగించండి.

కరెంటు ఉండగా ఎన్‌కోడర్ కనెక్టర్ పీకడం, పెట్టడం చేయకండి. బ్యాటరీ ఉన్న అబ్సల్యూట్ ఎన్‌కోడర్ (కరెంటు పోయినా స్థానం గుర్తుంచుకునేది) అయితే కనెక్టర్ పీకితే చుట్ల లెక్క కూడా పోవచ్చు. నడుస్తున్న మెషిన్‌లోని మోటారు మీద ప్రయోగాలు చేసేవాళ్లు ముందుగా హోమ్ స్థానం గుర్తు పెట్టుకోవాలి.

అన్నీ తేలాక పిన్ను పట్టికని, గీతల సంఖ్యని, పోల్స్ సంఖ్యని చిన్న కాగితం మీద రాసి, పైన పారదర్శక టేపు వేసి మోటారు బాడీకే అంటించండి. నోట్‌బుక్ పోతుంది, ఫోన్ మారుతుంది. ఆ మోటారు రేపు ఇంకొకరి చేతికి వెళ్లినా కాగితం దానితోనే వెళ్తుంది.